నీళ్లలోంచి ఊపిరి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇంట్లోవాళ్లు అంటారు, స్టాఫ్ రూంలో అంటారు, చర్చిలో నా వెనక బెంచీలో కూర్చునే అవ్వలు కూడా అంటారు. కాదని నేనెప్పుడూ వాదించలేదు. జమ్మలమడుగు ప్రభుత్వ హైస్కూల్లో చాలా ఏళ్లుగా భౌతిక, రసాయన శాస్త్రాలు చెబుతున్నాను. గొంతు లేకపోతే అరవై మంది పిల్లలున్న గదిలో టీచరుకు సుద్దముక్కకున్న విలువ కూడా ఉండదని నా నమ్మకం. ఆ నమ్మకాన్ని తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పులివెందులలో నలుగురి ముందూ ఉతికి ఆరేసింది. నా జీవితంలో నేను ఓడిపోయి అంత సంతోషపడిన రోజు ఇంకొకటి లేదు.

అసలు తప్పు నాది కాబట్టి అక్కడినుంచే మొదలుపెడతాను.

ఆ రోజు బడికి ఇన్‌స్పెక్షన్. హెడ్మాస్టరు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నారు. నా సిలబస్ రెండు పాఠాలు వెనకబడి ఉంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుందనీ, ఇంకా పైకి పోతే అసలు గాలే ఉండదనీ గబగబా చెప్పేసి బోర్డు వైపు తిరిగాను. మూడో బెంచీలోంచి ఆ పిల్ల లేచింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తండ్రి ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలుతాడు, తల్లి ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది.

"మేడం, పైన గాలే ల్యాకపోతే, ఆడ నెలలు నెలలు ఉండేటోళ్లు ఎట్ల ఊపిరి పీలుస్తాండారు?"

"సిలిండర్లు తీసుకుపోతారు. కూర్చో."

కూర్చోలేదు. "అన్ని సిలిండర్లు యాడ పెడ్తారు మేడం? అయిపోతే ఎట్ల? నీళ్లల్లో కరెంటు పెడ్తే గాలి వస్తాది గదా, అట్ల చేసుకోరా?"

వరండాలో హెడ్మాస్టరు ఆగి లోపలికి చూశారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీళ్లల్లో కరెంటు పెడ్తే గాలి రాదమ్మా, పానం పోతాది! నీకు అంత బుర్రే ఉంటే మొన్న యూనిట్ టెస్టులో తొమ్మిది మార్కులు ఎందుకొచ్చినాయి? రాకెట్ ఎక్కేదానివి గానీ, ముందు కూసో."

క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల కూర్చుంది. మధ్యాహ్నం భోజనాల వరసలోనే ఆమెకు 'రాకెట్' అని పేరు పడిపోయింది. "ఏమ్మే రాకెట్, సాంబారు పోయిచ్చుకో" అని ఎవరో అనడం నేను విన్నాను. విని నవ్వుకున్నాను కూడా, సిగ్గులేకుండా.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. పదో తరగతికి నీటి విద్యుద్విశ్లేషణ చెప్పేది నేనే. నీళ్లలోకి కరెంటు పంపితే ఒక కడ్డీ దగ్గర ఆక్సిజన్, ఇంకో కడ్డీ దగ్గర హైడ్రోజన్ బుడగలుగా వస్తాయని ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి, "ఇంపార్టెంట్, అండర్‌లైన్ చేసుకోండి" అని చెప్పేది నేనే. ఆ పిల్ల అడిగింది అక్షరాలా అదే. పై తరగతి పాఠం కింది తరగతి పిల్ల నోట్లోంచి వస్తే, అది పాఠమని నేను గుర్తుపట్టలేదు.

ఆ తర్వాత ఆ పిల్లను ఏది అడిగినా ఒకటే జవాబు. "తెలీదు మేడం." పీడనం అంటే? తెలీదు మేడం. నీటి ఫార్ములా? తెలీదు మేడం. తలెత్తకుండా, విసుగు లేకుండా, వాన చినుకు పడ్డంత మామూలుగా అనేది. నాలుగు నెలలు గడిచాయి. నేను మాత్రం, పర్వాలేదు, అల్లరి తగ్గింది అనుకున్నాను.

దసరా అయ్యాక ఒక రెండో శనివారం ప్రొద్దుటూరు పోయాను. మా అమ్మ మెడలో ఉండే కవరింగ్ గొలుసు, సిలువ లాకెట్టుది, పూత పోయి నల్లబడింది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సంగతి చెప్పేదేముంది, పెళ్లి పెట్టుకున్న ప్రతి ఇల్లూ ఆ బజారు తొక్కాల్సిందే. కానీ పెద్ద అంగళ్ల వెనక సందుల్లో పూత వేసేవాళ్ల గదులు వేరే ఉంటాయి. మనిషి అడ్డంగా తిరిగితే గోడ తగిలేంత గది. గోడవారగా ప్లాస్టిక్ తొట్లు, వాటిలోకి వైర్లు, ఆగకుండా గిర్రున తిరుగుతూ లోపలి గాలిని బయటికి లాగే ఫ్యాను.

గడప దగ్గరికి పోయేసరికి లోపల్నుంచి ఒక గొంతు గలగలా వినిపించింది.

"లేదాంటీ, పూత మంచిదే. మీరు కల్లుప్పు నీళ్లల్లో కడిగినారు గదా? నిజం చెప్పండి. కడిగినారు! ఉప్పు పూతకు పడదు. ఇంగ సబ్బు నీళ్లల్లో కడిగి, మెత్తటి గుడ్డతో తుడ్సండి. రుద్దగాకండి."

నడివయసు ఆవిడ ఒకరు తప్పు చేసిన బిడ్డలాగా తలూపుతోంది. మాట్లాడుతున్నది ఎవరనుకున్నారు? మా రాకెట్. స్టూలు మీద కూర్చుని, చెయ్యి తిప్పుతూ, కళ్లు మెరిపిస్తూ మాట్లాడుతోంది. నా క్లాసులో నీటి ఫార్ములా తెలీని పిల్ల.

నన్ను చూసింది. నోరు టక్కున మూతపడింది. ఏదో పనున్నట్టు లేచి సందు చివరికి పోయింది.

పూత వేసే ఆయన ఆ పిల్లకు మేనమామ. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, "రాండి మేడమ్మా, కూసోండి" అన్నాడు. జమ్మలమడుగు నుంచి వచ్చానంటే తల ఊపి, గొలుసు తీసుకుని చూశాడు. ముందు దాన్ని ఒక తొట్లో వేలాడదీసి స్విచ్ వేశాడు. గొలుసు చుట్టూ సన్నటి బుడగలు పుట్టుకొచ్చాయి. "ఇది చాకలి సోడా నీళ్లు మేడమ్మా. ఈ బుడగలే జిడ్డంతా లేపుతాయి. ఆమీటికి చింతపండు రసం, ఆమీటికి నీళ్లు, ఆమీటికి పూత" అన్నాడు. చింతపండు గిన్నె ఈ గోడకు ఉంది, బంగారు పూత తొట్టి ఆ ఎదురు గోడకు ఉంది. ఇంత చిన్న గదిలో ఎందుకలా విడదీశారని అడిగాను. పూత నీళ్లలో ఉండే మందు విషమట. దానికి చుక్క పులుపు తగిలినా లేచే గాలి మనిషిని నిలబడ్డచోటే పడగొడుతుందట.

"మా నాయన కాలం నుంచి ఇదే కట్టుబాటు. ఈ పని చేసేటోడు బుడగ వచ్చిందని మురిసిపోకూడదు మేడమ్మా, యా బుడగో తెల్సుకోవల్ల. మా పిల్లకు గూడా అదే చెప్పినా. తొట్ల కాడికి మాత్రం రానియ్యను. ఆ గీత దాటితే కాళ్లిరగ్గొడ్తానన్నా" అని నేల మీది ఎర్ర గీత చూపించాడు.

"తెలివైన పిల్లే" అన్నాను.

"తెలివికేం! చదువే సాలంటాంది. టెన్తుకు పోదంట. ఈడే గడప కాడ కూసుంటాదంట. ఏందే నీ బాధ అంటే, 'నాకు బుర్ర ల్యా మామా, మా సైన్స్ మేడమే అనె' అంటాది. మీరు జమ్మలమడుగే అంటిరి గదా, ఆ మేడం ఎవురో మీకు తెల్సా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆ పిల్ల ఆయనకు సాయంత్రం ఎలాగూ చెబుతుంది. "నేనే అప్పా" అన్నాను.

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. స్విచ్ కట్టేశాడు. బుడగలు ఆగిపోయాయి. మళ్లీ వేశాడు. మళ్లీ బుడగలొచ్చాయి. "ఈ గాలి నీళ్లల్లో నుంచే గదా మేడమ్మా వస్తాండేది?"

"అవును."

"ఇందుట్లో మనం పీల్చేది గూడా ఉంటాది గదా?"

"ఉంటుంది."

"మరి పిల్ల అడిగిన దాంట్లో తప్పేముంది?"

గొలుసు తయారైందాకా ఆ స్టూలు మీద తల వంచుకుని కూర్చున్నాను. మా అమ్మ గొలుసు మాత్రం కొత్తదానిలా మెరిసింది.

ఆ వారమంతా నేను చదివినంత బీఎడ్‌లో కూడా చదవలేదు. ఫోన్లో వీడియోలు చూశాను, లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను, కడపలో డిగ్రీ కాలేజీలో చెప్పే నా స్నేహితురాలిని ఫోన్ చేసి చంపుకుతిన్నాను. చదివేకొద్దీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది. సోమవారం తొమ్మిదో తరగతికి పోయి, సుద్దముక్క పట్టుకోకుండా బల్లకు ఆనుకుని నిలబడ్డాను.

"నాలుగు నెలల కింద ఈ క్లాసులో ఒక ప్రశ్న వచ్చింది. నేను చెప్పిన జవాబు తప్పు. అడిగిన పాపను గేలి చేసింది ఇంకా పెద్ద తప్పు. ఆ తప్పు చేసింది మీరు కాదు, నేను. నన్ను క్షమించు తల్లీ" అన్నాను.

టీచరు క్షమించమనడం వాళ్లు ఎక్కడ చూశారు? చివరి బెంచీలో ఒకడు ఇదేదో కొత్తరకం శిక్షేమోనని పుస్తకం తీసి గుండెకు అదుముకున్నాడు.

అప్పుడు చెప్పాను. అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్లకు గాలి ప్రధానంగా నీళ్లలోంచే వస్తుందని. ఎండ నుంచి పలకలు కరెంటు తీస్తాయి, ఆ కరెంటు నీటిని విడదీస్తుంది, ఆక్సిజన్‌ను గదుల్లోకి వదులుతారు. సిలిండర్లూ ఉంటాయి, కాలిస్తే ఆక్సిజన్ వదిలే మందు డబ్బాలూ ఉంటాయి, కానీ అవి కష్టకాలానికి దాచుకున్నవి. మరి అన్ని నీళ్లు ఎక్కడివి? కింది నుంచి కొన్ని పంపుతారు. మిగతావి వాళ్ల చెమట, వాళ్లు వదిలిన ఊపిరిలోని తడి, వాళ్ల మూత్రం. అన్నిటినీ పట్టి, వడగట్టి, శుభ్రం చేసి మళ్లీ నీళ్లు చేస్తారు.

"ఛీ!" అని అరవై గొంతులు ఒక్కసారి అరిచాయి. ఇద్దరు ఆడపిల్లలు చున్నీలతో నోరు మూసుకున్నారు.

ఆక్సిజన్ చేసుకున్నంత మాత్రాన సరిపోదని కూడా చెప్పాను. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు గాలిని తీసెయ్యకపోతే ఎంత ఆక్సిజన్ ఉన్నా తల తిరిగి పడిపోతారు. దాన్ని పట్టుకునే గుళికలున్న పెట్టెల్లోంచి గాలిని నడిపిస్తారు. పట్టుకున్నదాంట్లో కొంత బయటికి వదిలేస్తారు, కొంతను నీళ్లలోంచి వచ్చిన హైడ్రోజన్‌తో కలిపి మళ్లీ నీళ్లు చేసుకునే ఏర్పాటు కూడా ఉంది. ఇక అక్కడ బరువు తెలియదు కాబట్టి వేడి గాలి పైకి లేవదు, చల్లగాలి కిందికి దిగదు. ఫ్యాను ఆగితే నిద్రపోయేవాడు వదిలిన ఊపిరి వాడి ముఖం చుట్టూనే మూగి ఉంటుంది. మన జమ్మలమడుగులో కరెంటు పోతే చెమట పోస్తుంది, అక్కడ ఫ్యాను ఆగితే పానానికే ముప్పు అన్నాను.

ఆ పిల్ల తలెత్తింది. కళ్లు నా మీదే ఉన్నాయి, ఒక్క మాట కూడా వదలకుండా వింటోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇంకేమన్నా అడుగుతావా?" అన్నాను ఆశగా.

"ఏం ల్యా మేడం" అంది, తల దించుకుని.

ఏట్లో పిసికిన చింతపండయింది నా క్షమాపణ. నాలుగు నెలలు బిగుసుకున్న నోరు నేను ఒక్కసారి క్షమించమనగానే తెరుచుకుంటుందా? బడి అయ్యేది ఏప్రిల్లో. ఆలోపు ఈ పిల్ల నోరు తెరవకపోతే, జూన్‌లో హాజరుపట్టీలో ఆమె పేరు ఉండదు. ఆ లెక్క నాకు రాత్రీ పగలూ గుండెలో కొట్టుకునేది.

అందుకే పులివెందులలో జిల్లా సైన్స్ ప్రదర్శన అని కాగితం రాగానే ఆమె పేరే రాశాను. 'అంతరిక్షంలో ఊపిరి' అని. స్టాఫ్ రూంలో ఒకాయన, "ఆ పిల్ల నోట్లో నాలుకే లేదు, జడ్జీలకు సైగలు చేస్తుందా మేడం?" అన్నాడు. నవ్విన నాపచేనే పండుతుంది సార్ అని గట్టిగానే అన్నాను గానీ, లోపల నాకూ భయమే.

"నేను చేస్తా మేడం. మాటలు మాత్రం మీరే చెప్పండి" అంది ఆ పిల్ల. సరేనన్నాను. ఇక చూడండి ఆ చేతుల పని! థర్మోకోల్‌తో గది కట్టింది. పాత కంప్యూటర్ ఫ్యాను పెట్టింది. వదిలిన ఊపిరిని పట్టుకునే గుళికలకు బదులు తమలపాకుల అంగట్లోంచి సున్నం తెచ్చి, తేట తీసి సీసాలో పోసింది. గొట్టంతో ఊదితే ఆ నీళ్లు పాలలాగా తెల్లబడతాయి. నీళ్లలో ముంచడానికి వాళ్ల మామ ప్లాటినం పూసిన జాలీ ముక్కలు రెండిచ్చాడు. "ఇయ్యి పోతే నా పని నిల్సిపోతాది మేడమ్మా, భద్రం" అని చెప్పి మరీ ఇచ్చాడు. జాలీల మీద బోర్లించి బుడగలు పట్టడానికి రెండు గాజు గొట్టాలు. కరెంటుకు మోటారుసైకిల్ బ్యాటరీ. కరెంటు బాగా పారడానికి నీళ్లలో చాకలి సోడా. బడిలో మూడుసార్లు చేసి చూశాం, మూడుసార్లూ బ్రహ్మాండంగా వచ్చింది.

ప్రదర్శన రోజు తెల్లారకముందే బస్సెక్కాం. బ్యాటరీని గోనెసంచిలో చూసి కండక్టరు, "ఇది బాంబా మేడం?" అన్నాడు. "నీ బస్సు కంటే భద్రమే, టికెట్ కొట్టప్పా" అన్నాను. ముద్దనూరు దాటి, చీనీ తోటలూ అరటి తోటలూ దాటి పులివెందులలో దిగాం. ప్రదర్శన జరిగే బడి ఆవరణలో బల్ల వెతుక్కుని, అన్నీ బయటికి తీసి పేర్చాం. అన్నీ ఉన్నాయి, సోడా డబ్బా లేదు. నా చేతులతోనే మూత బిగించి స్టాఫ్ రూం బల్ల మీద పెట్టాను. అది అక్కడే ఉంది.

జడ్జీలు అప్పటికే మా వరస మొదట్లో ఉన్నారు. పరుగున పోయి ఆ బడి వంటామెను అడిగి పిడికెడు కల్లుప్పు తెచ్చాను. ఉప్పేసినా కరెంటు పారుతుంది, బుడగలొస్తాయి.

"ఉప్పు వద్దు మేడం" అంది ఆ పిల్ల మెల్లగా.

"ఈ పూటకు సర్దుకుందాం. బుడగలొస్తే చాలు. ముక్కుపెట్టి వాసన చూస్తారా ఎవరన్నా?" అని నేనే ఉప్పు వేసి కలిపేశాను. ఆ పిల్ల ముఖం చూడాలి అప్పుడు. తలుపు వేసుకున్నట్టు మూసుకుపోయింది. నాకు తెలుసు నేను మళ్లీ అదే పని చేస్తున్నానని. తెలిసీ చేశాను, జడ్జీలు రెండు బల్లల అవతలికి వచ్చేశారు మరి.

జడ్జి పెద్దాయన, రిటైరైన లెక్చరరు. మాట తీరు కోస్తా వైపుది. కళ్లద్దాలు పైకి తోసుకుని వంగి చూశారు. నేను గడగడా చెప్పుకుపోతున్నాను, ఆయన తల ఊపుతున్నారు. గొట్టంలో గాలి పైకి చేరుతోంది.

"బాగుందండీ. అయితే ఈ గొట్టంలో ఉన్నది ఆక్సిజనేనంటారా?"

"ఆక్సిజనే సార్" అన్నాను.

"గాదు సార్."

పక్క బల్లవాళ్లెవరో అనుకున్నాను. తిరిగి చూస్తే మా పిల్ల. గొట్టం వైపు వేలు చూపిస్తోంది.

"మేడం చెప్పింది తప్పు సార్. ఇది ఆక్సిజన్ గాదు. మేము సోడా మర్సిపోయి వచ్చినాం, కల్లుప్పు ఏసినాం. ఉప్పేస్తే ఈ పక్క ముందు వచ్చేది క్లోరిన్ అని మా మామ చెప్పినాడు. వాసన చూడండి, బ్లీచింగ్ పౌడర్ వాసనొస్తాది. దీన్ని తీస్కపోయి పైన పెడ్తే ఊపిరి ఆడకుండా అందరూ సస్తారు. బుడగలొచ్చినంత మాత్రాన అది మనం పీల్చే గాలి అయిపోదు సార్."

ఆ బల్ల చుట్టూ ఇరవై మంది ఉన్నారు. వేరే బడుల టీచర్లు ఉన్నారు. జడ్జి నా వైపు చూశారు. భూమి బద్దలైతే అందులోకి దిగిపోవాలనిపించాలి నాకు. అదేమీ అనిపించలేదు. ఆ పిల్ల నోటి వెంట ఒకటి కాదు రెండు కాదు, అన్ని మాటలు, అదీ నా ముందే! "అవును సార్, తప్పు నాదే, పాప చెప్పిందే నిజం" అని సంతోషంగా ఒప్పేసుకున్నాను.

"అయితే మరి మీ మోడల్ పని చెయ్యనట్టేగా?" అన్నారాయన.

"పది నిమిషాలియ్యండి సార్, చేసి చూపిస్తా" అంది. నా వైపు తిరిగింది. "మేడం, గేటు కాడ మిరపకాయ బజ్జీల బండుంది. ఆడ వంటసోడా ఉంటాది. మీరు బిర్రున పోయి తెండి. నేను ఈ లోపల ఇయన్నీ కడుగుతా."

నాకు పని చెప్పింది! నేను చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని ఆ ఆవరణ అడ్డంగా పరుగెత్తాను. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అన్న తలపే రాలేదు. బజ్జీల ఆయన సోడా పొట్లం కట్టిస్తూ, "శనగపిండి గూడా ఏమన్నా కావల్నా మేడం, కలిపిస్తా?" అన్నాడు. "గెలిచినాక వచ్చి తింటాంలే అప్పా" అని మళ్లీ పరుగు.

ఆ పిల్ల తొట్టి, గొట్టాలు, జాలీలు మూడేసి సార్లు కడిగింది. కొత్త నీళ్లు, వంటసోడా. వైర్లు తగిలించింది. బుడగలు లేచాయి. ఒక గొట్టంలో గాలి ఎంత చేరిందో రెండో గొట్టంలో దాదాపు రెండింతలు చేరింది. జనం పెరిగారు. తక్కువ గాలి ఉన్న గొట్టాన్ని బొటనవేలితో మూసి పైకి తీసింది. నన్ను అగరొత్తి వెలిగించమంది. మంట ఊదేసి, చివర ఎర్రటి నిప్పుకణం మాత్రం మిగిల్చి ఇచ్చాను. వేలు తీసి ఆ కణాన్ని గొట్టంలోకి దింపింది.

కణం భగ్గుమని మంటయింది.

"ఇది సార్ ఆక్సిజన్!" అంది. చప్పట్లు నేనే మొదలుపెట్టాను, చేతులు మండేదాకా కొట్టాను.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఫ్యాను ఎందుకో చెప్పింది, సున్నపు తేట నీళ్లలోకి జడ్జి చేతనే ఊదించి తెల్లబడడం చూపింది, హైడ్రోజన్‌ను మళ్లీ నీళ్లుగా ఎట్లా చేసుకుంటారో చెప్పింది. మూత్రం మాట రాగానే ఆయన ముఖం చిట్లించారు. "అదేవిటమ్మా, అవి తాగుతారా?"

"తాగుతారు సార్. మన పెన్నలో ఎన్ని ఊర్ల మురుగు కలుస్తాదో మీకు తెల్సా? శుద్ధి చేసి మనం తాగడం ల్యా? ఆళ్లు మనకన్నా బాగా వడగడ్తారు."

ఆయన పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక, కొంచెం కొంటెగా నన్ను చూపించి అడిగారు. "అంతమందిలో మీ మేడం తప్పన్నావు. భయం వెయ్యలేదూ?"

ఆ పిల్ల నా వైపు చూసింది. చూసి, ఏమాత్రం దాచుకోకుండా చెప్పింది. "ఏసింది సార్. మేడంకు కోపం శానా. తిడ్తే తిడ్తాదిలే అనుకున్నా. ఊపిరి సంగతిలో అబద్ధం ఆడితే ఎట్ల సార్?"

సాయంత్రం నాలుగింటికి ఫలితాలు చదివారు. రాష్ట్ర స్థాయికి ఎంపికైన వాటిలో మొట్టమొదట మా బడి పేరు వచ్చింది. నేను వేసిన కేక మైకు కంటే గట్టిగా వినిపించిందని తర్వాత పక్క బల్ల టీచరు చెప్పింది. సర్టిఫికెట్ పట్టుకుని గేటు దగ్గర బజ్జీలు తిన్నాం. బజ్జీల ఆయన దుడ్లు తీసుకోనన్నాడు. నా సోడాతోనే గెలిచినారు గదా, పొయ్యిరాండి అన్నాడు. ఆ పిల్ల వాళ్ల మామకు ఫోన్ చేసి, జాలీ ముక్కలు భద్రమని మొదట చెప్పి, తర్వాత గెలిచిన సంగతి చెప్పింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన తను, ఈ పక్కన నేను, కాళ్ల దగ్గర బ్యాటరీ. తను ప్రశ్నలు మొదలుపెట్టింది. అక్కడ తుమ్మితే ఆ తుంపరలు యాడికి పోతాయి మేడం? సున్నంతోనే పని అయితాంటే ఆళ్లు గుళికలే ఎందుకు వాడ్తారు? ఆడ మొక్కలు పెంచితే గాలి సరిపోదా? సగం వాటికి నాకు జవాబు రాలేదు. "తెలీదే, చూసి చెప్తా" అని ఎన్నిసార్లు అన్నానో! ఒక్కసారి కూడా కోపం రాలేదు.

ముద్దనూరు వచ్చేసరికి ఆ పిల్ల మాట్లాడడం ఆపేసింది. తల కిటికీకి ఆనించి బయటికి చూస్తోంది. ఈ ఒక్కరోజు సంబరమేనా, రేపటినుంచి మళ్లీ ఆ ప్రొద్దుటూరు గడపేనా? అడగడానికి ధైర్యం చాల్లేదు. టెన్తు మాట నేనే ఎత్తితే మళ్లీ మూసుకుపోతుందేమో. బస్సు కదిలింది. నేను సంచిలో సర్టిఫికెట్ నలగకుండా సర్దుతున్నట్టు నటిస్తున్నాను.

"మేడం."

"ఏంది పాపా?"

"ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటే ఇయన్నీ చెప్తారు?"

"ఎంపీసీ!" అని నేను అరిచిన అరుపుకు బస్సంతా వెనక్కి తిరిగింది. కండక్టరు టికెట్ మిషన్ చంకలో పెట్టుకుని గాబరాగా వచ్చాడు.

"ఏమైంది మేడమ్మా, ఏమైంది?"

"ఏం కాలేదప్పా" అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "మా పిల్ల టెన్తుకు వస్తాంది."